భిన్న పక్షములు – ఒక్క పని

నూజివీడు పేరు చెప్పగానే చిన్న రసాలు జ్ఞాపకమునకు వచ్చును. ఆ తోటల నేల ఒకప్పుడు జమీందారీ సీమయని మన పిల్లలలో ఎందరికి తెలియును? శిస్తుల బరువును గూర్చి, జమీ ఉద్యోగుల దర్జాను గూర్చి రైతులు మొరపెట్టుకొనిన కాలమది.

1934లో కమ్యూనిస్టు పార్టీ నిషేధింపబడినందున ఆ పార్టీవారు కాంగ్రెసు సోషలిస్టులలో చేరి పనిచేసిరి. గాంధీగారి అహింసను నమ్మినవారును, వర్గ పోరాటమును నమ్మినవారును కలిసి 1937-38లో ఇచ్ఛాపురము నుండి మద్రాసు వరకు రైతు రక్షణ యాత్ర నడిపిరి. వారి సిద్ధాంతములు ఒకటి కాలేదు. రైతు కష్టము మాత్రము అందరికిని ఒక్కటే. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశంగారి అధ్యక్షతన విచారణ సంఘము ఏర్పడి, భూమికి హక్కుదారుడు రైతేనని 1938లో నివేదిక నిచ్చెను. 1939లో మంత్రివర్గము రాజీనామా చేయుటచే పని నిలిచెను. తుదకు 1948లో జమీందారీ రద్దు చట్టము వచ్చెను.

ఈ లోపల ఏమి జరిగెను? ప్రకాశంగారు ప్రధానిగా నున్న 1947లో కమ్యూనిస్టులను ఆర్డినెన్సు క్రింద నిర్బంధించిరి. అదే ప్రకాశంగారిని 1952లో కమ్యూనిస్టులు ఐక్య ప్రజాస్వామ్య సంఘటనకు నాయకునిగా అంగీకరించిరి! 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆయన కాంగ్రెసు మద్దతుతో ముఖ్యమంత్రి అయ్యెను. 1954 నవంబరులో మద్యనిషేధ సమస్యపై కమ్యూనిస్టులు తదితర ప్రతిపక్షములు ఓటు వేయగా, ఒక్క ఓటు తేడాతో ఆయన మంత్రివర్గము పడిపోయెను. 1955 ఎన్నికలలో కాంగ్రెసు, ప్రజా, కృషికార్ లోక్ పార్టీలు ఒక్కటిగా నిలువగా, 196 స్థానములలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కెను.

ఈ రెండు పొత్తులకు భేదము గమనింపుడు. మొదటి దానిలో పని ముందు వచ్చెను, మనుష్యులు తరువాత చేరిరి. రెండవ దానిలో అధికారము ముందు వచ్చెను. చేయవలసిన పనిపై ఏకాభిప్రాయము లేదు. అందుచేతనే నిలువలేదు.

ఒక లోటు కూడ చెప్పవలెను. 1948 చట్టము సాగుదారునకు పట్టా నిచ్చెను గాని, తోటలలో కూలికి పోవువానికి సెంటు నేల ఇయ్యలేదు. మన సంఘములలో అట్టి కుటుంబములెన్నో గలవు. పొత్తు కుదుర్చుకొనునప్పుడు ఆ గదిలో లేనివాని సంగతి ఎవరును తలపెట్టరు. కనుక వాని పక్షమున మాట్లాడువాడొకడు అక్కడ ఉండుట అవసరము.

నేడు మన గుడిలో ప్రక్కప్రక్కన కూర్చుండువారు వేర్వేరు జెండాల క్రింద ఓటు వేయుదురు. ఊరికి మంచినీటి చెరువు కావలెనన్నను, సారా దుకాణము పోవలెనన్నను అందరును కలియక తప్పదు. కలియునప్పుడు పని యేదో స్పష్టముగా వ్రాసికొనుడు. ఎదుటివాని నమ్మకమును విడువుమని అడుగకుడు, మీది దాచుకొనకుడు. పని ముగిసిన వెంటనే లెక్క అప్పగింపుడు. అటుపిమ్మట ఎవరి జెండా వారు పట్టుకొని పోయినను, ఎదురుపడినప్పుడు పలుకరించుకొనగలుగుదురు.