మంజీర ఒడ్డు, మూడు ఇళ్లు

బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర నిలబడితే మంజీర నిండుగా కనిపిస్తుంది. ఆ నిండుదనం సింగూరు జలాశయం పుణ్యం. 29.91 టీఎంసీల ఆ ప్రాజెక్టు నీళ్లు హైదరాబాదు దాహం తీర్చాయి. ఒడ్డునున్న నారాయణఖేడ్ చేలు మాత్రం ఏళ్ల తరబడి మొగులుకేసే చూశాయి. ఇక్కడి ఎమ్మెల్యేల చరిత్రను పార్టీల లెక్కన కాక ఈ నీళ్ల లెక్కన చదవాలనిపిస్తుంది. 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత మెదక్‌లో కలిసిన తాలూకా ఇది. శెట్కార్, దేశ్‌పాండే వంటి ఇంటిపేర్లలో ఆ సరిహద్దు వాసన ఇంకా పోలేదు.

పట్లోళ్ల కిష్టారెడ్డి ప్రస్థానమే తీసుకుందాం. కాంగ్రెస్ నుంచి 1989లో గెలిచారు, 1994లో తెలుగుదేశం అభ్యర్థి మహారెడ్డి విజయపాల్ రెడ్డి చేతిలో సీటు పోయింది, 1999లో మళ్లీ వచ్చింది. 2004లో అదే పార్టీ టికెట్టు మీద సురేష్ శెట్కార్ గెలిచారు. శెట్కార్ 2009లో జహీరాబాద్ ఎంపీగా వెళ్లగా, కిష్టారెడ్డి తిరిగి శాసనసభకు వచ్చి 2014లోనూ గెలిచారు. తెలంగాణ తొలి శాసనసభలో ప్రజాపద్దుల సంఘానికి అధ్యక్షుడయ్యారు. 2015 ఆగస్టులో కన్నుమూశారు. ఇదంతా శెట్కార్, మహారెడ్డి, పట్లోళ్ల ఇళ్ల వంతులాటేనని, జనానిది గొర్రెదాటు ఓటని అనేవాళ్లున్నారు. సగం నిజమే. 2016 ఉప ఎన్నికలోనైతే మహారెడ్డి ఇంటిపేరున్న ఇద్దరు రెండు పార్టీల తరఫున దిగారు! కానీ ఏ ఇంటినీ నిశ్చింతగా కూర్చోనివ్వని ఓటును గొర్రెదాటు అనలేం. ఉన్నవి మూడు గడపలే, వాటి మధ్య పోటీ తప్ప ఓటరు చేతిలో మరో ఆయుధం లేదు. ఆ ఆయుధం ఎమ్మెల్యేను ఊళ్లోకి రప్పించగలిగింది గానీ మంజీర నీళ్లను చేలోకి మళ్లించలేకపోయింది. ఆ తాళంచెవి హైదరాబాదులో ఉండేది మరి.

అయితే అధికార పక్షం మనిషైతే నీళ్లొచ్చేవా? 2016లో టీఆర్ఎస్ అభ్యర్థి మహారెడ్డి భూపాల్ రెడ్డి యాభై మూడు వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు, 2018లోనూ గెలిచారు. సింగూరు నీళ్లను ఎత్తిపోసే బసవేశ్వర పథకానికి 2022 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి కేసీఆర్ శంకుస్థాపన చేశారు. శిలాఫలకానికి రెండేళ్లు నిండకముందే, 2023లో భూపాల్ రెడ్డి ఓడిపోయారు. గెలిచింది కిష్టారెడ్డి కుమారుడు సంజీవరెడ్డి. ఆ కాంగ్రెస్ టికెట్టు మొదట ప్రకటించింది సురేష్ శెట్కార్‌కు, నామినేషన్ల చివరి ఘడియల్లో బీ-ఫారం చేతులు మారింది. శెట్కార్ మరుసటి ఏడాది జహీరాబాద్ నుంచి మళ్లీ లోక్‌సభకు వెళ్లారు.