కాథరిన్ పార్ ట్రెయిల్ కుటుంబ చరిత్ర: ఒక పరిశీలన

వలస చరిత్రల్లో అడవి నరికి పొలం చేసిన పురుషుల పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. కాథరిన్ పార్ ట్రెయిల్ (1802–1899) కుటుంబ చరిత్రను ఆమె రచనల నుండే చూడాలని మేము భావిస్తున్నాము.

ఇంగ్లండులోని స్ట్రిక్‌లాండ్ కుటుంబంలో పుట్టిన ఆమె 1832లో భర్త థామస్‌తో కెనడా చేరింది. మాంట్రియల్‌లో కలరా బారినపడి కోలుకుంది. తమ్ముడు శామ్యూల్ అప్పటికే అక్కడ స్థిరపడ్డాడు. చెల్లెలు సుసానా మూడీ కూడా అదే ఏడు వచ్చింది. ఇంగ్లండుకు ఆమె రాసిన ఉత్తరాలు 1836లో గ్రంథంగా వెలువడ్డాయి. తొమ్మిదిమంది బిడ్డలను కన్నది. 1857లో ఇల్లు కాలిపోయింది. 1859లో భర్త మరణించాడు. అయినా రచన ఆపలేదు. 1868 నాటి కెనడా అడవిపూల గ్రంథానికి వివరణ ఆమెది, చిత్రాలు సుసానా కుమార్తె ఆగ్నెస్‌వి.

ఆ ఉత్తరాల్లోనే పొరుగున ఉన్న ఆదివాసుల ప్రస్తావన ఉంది. కనుక ఆమెను ఆ నేలపై తొలి నివాసిగా చెప్పడానికి ఆమె రచనలే ఒప్పుకోవు. ఆమె శ్రమను గౌరవిస్తూనే, అంతకుముందే అది అనిషినాబే ప్రజల నేల అని గుర్తించడం చరిత్రకారుల బాధ్యత.