వడిసెల నుంచి కరాటే దాకా

కొండగట్టు అంజన్నను ఉత్తర తెలంగాణ పల్లెలు బలానికి దేవుడిగా కొలిచాయి. తాలీంఖానాలో కుస్తీ పట్టే పిలగాడు ముందు హనుమంతుడికి మొక్కి, తర్వాతనే మట్టిలో దిగేవాడు. గుట్టెక్కి ముడుపు కట్టే ఆడవాళ్లకు లెక్కలేదు గాని తాలీంలో ఆడపిల్లకు చోటు లేదు. బలం మగవాడి సొత్తనే భూస్వామ్య భావన అక్కడ భక్తి రూపంలో నిలబడింది. అటువంటిది, సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు రాణీ లక్ష్మీబాయి పేరుతో మూడు నెలలపాటు కరాటే వంటి విద్యలు నేర్పుతున్నారంటే అది చిన్న మార్పు కాదు. దాన్ని వెక్కిరించే అభ్యుదయవాదులతో నాకు ఏకీభావం లేదు. పిడికిలి బిగించడం నేర్చిన పిల్ల నడకే మారుతుంది. అయితే ఎవరి నుంచి రక్షణ, ఎవరితో కలిసి రక్షణ అనే ప్రశ్నలను ఈ శిక్షణ వదిలేసింది. అవి మన చరిత్రకు కొత్త ప్రశ్నలు కావు.

1942లో బెంగాల్ స్త్రీలు పెట్టుకున్న సంఘం పేరే మహిళా ఆత్మరక్షా సమితి. అప్పటికి యుద్ధం గుమ్మంలో ఉంది. 1943 కరువు వచ్చేసరికి ఆ సమితి గంజి కేంద్రాలు నడిపింది, బియ్యం కోసం ఊరేగింపులు తీసింది. ఆకలికి ఆడపిల్లలు అమ్ముడుపోతున్న చోట తిండిగింజ కూడా ఆత్మరక్షణ సాధనమేనని వాళ్లు గ్రహించారు.

అదే దశాబ్దంలో తెలంగాణలో గడీల రాజ్యం. దొర బిడ్డ పెళ్లికి అరణంగా పంపిన ఆడబాపకు తన శరీరం మీద తనకే హక్కు లేదు. వెట్టి కులాల స్త్రీలందరి మీదా ఆ నీడ ఉండేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను కోసుకుపోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు వచ్చినప్పుడు సంఘం కార్యకర్తలు వాళ్లను తరిమి, ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఆ తర్వాత రజాకార్లు, పోలీసులు ఊళ్ల మీద పడ్డప్పుడు ఆడవాళ్ల చేతికందినవి కారప్పొడి, రోకలి, వడిసెల. వడిసెల విసరడానికి గురువు అక్కర్లేదు. జొన్నచేలో మంచెక్కి పిట్టలు తోలిన ప్రతి పిల్లకూ అది తెలుసు. కేక వినగానే ఊరంతా కలిసి రావడం ఒక్కటే కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. దాన్ని సంఘం నేర్పింది. భూస్వామి కుటుంబంలో పుట్టిన మల్లు స్వరాజ్యం (1931–2022) తుపాకి పట్టి దళంలో నిలిచిందంటే ఆ కలయిక వల్లనే.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. తుపాకి దింపిన స్త్రీలలో ఎందరినో ఇళ్లకు పొమ్మన్నారు, పాత సంసారాల్లోకే. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో ఆ నొప్పి వాళ్ల మాటల్లోనే వినబడుతుంది. ఇది చెప్పడానికి ఉద్యమాభిమానులు జంకనక్కర్లేదు. నేర్పినవాళ్లే నేర్పిన విద్యను వెనక్కి తీసుకున్నారు. మన నవలలు కూడా చాలావరకు పోరాటం దగ్గరే ఆగిపోయాయి. వంటింటికి తిరిగి వచ్చిన దళ సభ్యురాలు వాటికి కథావస్తువు కాలేదు.

కొండగట్టుకు దగ్గరి జగిత్యాలలో 1978 సెప్టెంబరు 7న వెట్టికీ దొరల దౌర్జన్యానికీ వ్యతిరేకంగా రైతుకూలీలు జైత్రయాత్ర చేశారు. నెలన్నర తిరగకుండానే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ సంవత్సరమే హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త దెబ్బలకు చనిపోయాడు. కాపాడవలసిన చోటే దాడి జరిగితే ఏ పట్టు పనికొస్తుంది?

ఇక 2019 నవంబరు. 27న శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలి హత్యాచారంతో దేశం ఊగిపోయింది. డిసెంబరు 6న నలుగురు నిందితులను పోలీసులు కాల్చిచంపితే పూలు చల్లారు. అది చంపాలనే జరిపిన కాల్పులని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ ఘటనకు మూడు రోజుల ముందే, పాత ఆదిలాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే దళిత స్త్రీ అదే విధంగా హతమైంది. ఆమె కోసం పూలు చల్లినవాళ్లు లేరు. ఆందోళన చేస్తేగాని ప్రత్యేక కోర్టు రాలేదు. 2020 జనవరి 30న ఆదిలాబాద్ కోర్టు ముగ్గురికి మరణశిక్ష విధించింది.

అత్యాచారానికి తెగబడినవాణ్ని ప్రాణం తీసైనా ఆపే హక్కును 1860 నాటి శిక్షాస్మృతి నూరో సెక్షన్ ఇచ్చింది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ దాన్ని నిలిపింది. రెండూళ్ల నడుమ దారిలో ముగ్గురు మగవాళ్ల ఎదుట ఒంటరి దళిత స్త్రీ ఆ హక్కును ఎట్లా వాడుకుంటుంది? మూడు నెలల శిక్షణ బడి హాజరుపట్టీలో పేరున్న పిల్లలకు. ఆమె బతుకంతా దారుల మీదే గడిచింది.

ఈ ప్రాంతంలో ఆడవాళ్లు వేలమంది బీడీలు చుడతారు. నాలుగిళ్ల వాళ్లు ఒక్క చోట కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని, ఊరి సంగతులన్నీ చెప్పుకుంటారు. ఎవరింట్లో ఎవరు దెబ్బలు తింటున్నారో అక్కడ అందరికీ తెలుసు. ఆ అరుగు మీదికి ఏ కరాటే మాస్టరైనా వచ్చినట్టు నేనింతవరకు చూడలేదు. మన రచయితలు కూడా ఎక్కువమంది వచ్చినట్టు లేదు.