సినిమాహాలు తిరిగి రంగస్థలమైన వైనం: ముంబయి రాయల్ ఒపెరా హౌస్

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబరు 11న ఆవిర్భవించాయి. అదే నెలలో ముంబయిలో ఇరవై మూడేళ్లుగా మూతబడి ఉన్న రాయల్ ఒపెరా హౌస్ తలుపులు తిరిగి తెరచుకున్నాయి. ఈ రెండింటికీ ప్రత్యక్ష సంబంధం లేదు. అయినప్పటికీ, పట్టణాలలోని పాత సినిమాహాళ్లు గోదాములుగానో, ఫంక్షన్ హాళ్లుగానో మారిపోతున్న ఈ కాలంలో, వాటిని కళా ప్రదర్శనలకు వినియోగించవచ్చునా అని యోచించే వారికి ఈ భవన చరిత్ర పరిశీలింపదగినది.

ముంబయిలోని చర్నీ రోడ్డు స్టేషను సమీపంలో, తెలుగు కూలీల పేరున వెలసిన కామాఠిపురకు ఎంతో దూరం కాని చోట ఈ భవనం ఉన్నది. కలకత్తాకు చెందిన వినోద ప్రదర్శనల నిర్వాహకుడు మారిస్ బాండ్‌మన్, పార్శీ వ్యాపారి జహంగీర్ ఫ్రాంజీ కరాకా దీనిని తలపెట్టారు. 1911లో ఐదవ జార్జి చక్రవర్తి ప్రారంభించే నాటికి నిర్మాణం పూర్తి కాలేదు. తుది మెరుగులకు మరికొన్ని సంవత్సరాలు పట్టినవి. బరోక్ శైలిలో నిర్మితమైన ఈ హాలులో బాలగంధర్వ, పృథ్వీరాజ్ కపూర్ వంటి మహానటులు ప్రదర్శనలిచ్చారు.

టాకీల విజృంభణతో నాటకశాలలకు ఆదరణ తగ్గింది. 1935లో దీనిని సినిమాహాలుగా మార్చారు. 1952లో గోండల్ సంస్థానాధీశుల యాజమాన్యంలోకి వచ్చిన పిమ్మట కూడ చిత్ర ప్రదర్శనలు కొనసాగినవి. టెలివిజను, వీడియోల పోటీకి తాళలేక 1993లో మూతబడింది. 2012లో ప్రపంచ స్మారక నిధి తన ఆపన్న కట్టడాల జాబితాలో చేర్చడంతో ఈ భవనం అంతర్జాతీయ దృష్టిని ఆకర్షించింది. వాస్తుశిల్పి ఆభా నారాయణ్ లాంబా పాత ఛాయాచిత్రాల ఆధారంగా పునరుద్ధరణ నిర్వహించారు. నేడు 575 ఆసనాలు గల ఈ హాలుకు 2017లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది.

అయితే ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. ఈ హాలు మొదట నాటకశాల. వేదిక, వాద్యబృందానికి స్థలం తొలినాడే ఏర్పరచబడినవి. కనుక మార్పు కన్న పునరుద్ధరణ అనుటే సమంజసం. కేవలం సినిమా కొరకు కట్టిన హాలు సంగతి వేరు. తెర వెనుక గోడకు నడుమ జాగా స్వల్పం. ప్రక్కన నటులు వేచి ఉండే చోటు గాని, వేషం వేసుకునే గది గాని సాధారణంగా ఉండవు. గోడలకు అతికించిన పలకలు స్పీకర్ల ధ్వనికి అనుకూలమే గాని, మైకు లేని గొంతును మింగివేస్తాయి. బాల్కనీ చూపు ఎత్తైన తెర మీదకే తప్ప వేదిక నేల మీదకు పోదు. 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టం కింద పొందిన లైసెన్సు చలనచిత్ర ప్రదర్శనకు ఉద్దేశించినదే అన్నది అధికారులు విస్మరింపరాదు.

ఇక ఈ మూడు జిల్లాల ప్రాంతానికి కళాకారుల కొరత లేదు. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (మరణం 2017) ఒగ్గుకథను దేశమంతటా వినిపించారు. అదే జిల్లా దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. ఈ కళలు ఆరుబయట, జనం నడుమ పుట్టినవి. వర్షాకాలంలో వాటికి ఆశ్రయం ఉండదు. ఒగ్గు కళాకారులు డోలు దరువుతో అడుగులు వేస్తూ శ్రోతల ముంగిటకే వస్తారు. అట్టి ప్రదర్శనకు ముంబయి తరహా వేదిక అక్కరలేదు. ముందు వరుసల కుర్చీలు తొలగించి, ఏటవాలు నేలను చదును చేసి, ప్రక్కన రెండు గదులు సమకూర్చినచో చాలా వరకు సరిపోవును.