చదరంగపు గడులలోని సంఖ్య

చదరంగపు పలకపై గడులు 64. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు చొప్పున రెట్టించుచు పోయినచో మొత్తమెంత? ఈ ప్రశ్నకు తెలుగువారికి పద్యరూపమున సమాధానము కలదు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో సంస్కృతమున రచించిన గణితసార సంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లన పేర ఆ పద్యము ప్రసిద్ధము. కృష్ణా గోదావరుల నడిమి సీమను వేంగీ చాళుక్యులు ఏలిన కాలమున వెలసిన తొలి తెలుగు శాస్త్రగ్రంథములలో ఆయన గణితమొకటి.

ఆ సమాధానము 18446744073709551615. కిలోకు 40 వేల గింజలనుకొన్నచో ఇవి సుమారు 46 వేల కోట్ల టన్నుల వడ్లు. కృష్ణా డెల్టా మాట అటుంచి, లోకమంతటను నేడు ఏటేట పండు వడ్లు ఇంచుమించు 80 కోట్ల టన్నులు. ఆ లెక్కన ఇది ఐదువందల యేండ్ల పంటకు మించును.

ఇరువది అంకెలను పద్యమున ఇముడ్చుటకు పూర్వులు అంకెలకు మారుగా మాటలు వాడిరి. శశి యనగా 1, వేదములనగా 4, గిరి యనగా 7, గగనమనగా సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని ఎడమకు లెక్క సాగును. ఇందొక ప్రమాదము కలదు. శశి, గిరి రెండును రెండేసి లఘువులే. వ్రాయసకాడు ఒకదానికి మారుగా మరియొకటి వ్రాసినను గణభంగము కాదు. సంఖ్య మాత్రము చెడును. ఛందస్సు కాపాడలేని చోట గణితమే కాపాడవలెను.

గడులలోని గింజలను 9 చేత భాగించిన శేషములు 1, 2, 4, 8, 7, 5. పిమ్మట ఇవియే మరల వచ్చును. ఈ ఆరింటి మొత్తము 27, అనగా శేషము సున్న. అరువది గడులు ఇట్లు పోగా, మిగిలిన నాలుగింటి మొత్తము 15, శేషము 6. మల్లన అంకెలను కూడిన 87 వచ్చును. దాని శేషమును 6 యే. శశి స్థానమున గిరి చేరినచో మొత్తము 93 అగును. శేషము 3 గా మారి తప్పు బయటపడును.

ఇంతకన్న లోతైన గుణమొకటి కలదు. మొదటి రెండు గడుల మొత్తము 3, నాలుగింటిది 3×5, ఎనిమిదింటిది 3×5×17. గడులు ఇమ్మడించినప్పుడెల్ల కొత్త గుణకమొకటి చేరును: 257, తరువాత 65537, తుదకు 4294967297. వీనిలో మొదటి ఐదును ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలోనివన్నియు అట్టివే కావచ్చునని 1640లో ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఫెర్మా తలచెను. 1732లో ఆయిలర్ ఆ ఆరవ దానిని 641×6700417 గా విడదీసి, ఆ ఊహను త్రోసిపుచ్చెను.

ఫెర్మాను భ్రమింపజేసిన సంఖ్య, ఆయనకు శతాబ్దములకు ముందే, తెలుగు పద్యమున గుణకమై దాగియున్నది. మల్లన దానిని వెదకలేదు. మొత్తమును సరిగా చెప్పెను, అంతియే. కాగితము, కలము గలవారెవరైనను నేడు ఆ ఇరువది అంకెలను 641 చేత భాగించి చూడవచ్చును. శేషము మిగులదు. తాటాకుపై ఏ ఒక్క అంకె మారియున్నను తప్పక మిగిలియుండెడిది.