పక్క బండి మీదికి తోసే తాళం

అమెరికా నగరాల్లో పేరు బాగాలేని పేటలో పికప్ నిలుపుకునే వడ్రంగికో ప్లంబరుకో దొరికే సలహా తరాలుగా మారలేదు. స్టీరింగుకి ఇనప కడ్డీ బిగించు, పనిముట్ల పెట్టెకి రెండో తాళం వెయ్యి, దీపం కింద ఆపు, సీటు మీద ఏమీ కనపడనివ్వకు. ఆ సలహా ఇచ్చేవాళ్లు మంచి కోరి చెప్పేవాళ్లే, విన్నందువల్ల ఆ రాత్రికి వచ్చే నష్టమూ లేదు. అయితే దాని అడుగున ఒక నమ్మకం ఉంది: దొంగతనం పేట గుణం, కాపలా యజమాని బాధ్యత. వాహనాల తాళాల వందేళ్ల చరిత్రను దగ్గర పెట్టుకుని చూస్తే ఈ నమ్మకం రెండు వైపులా కూలుతుంది. పికప్ ఎంత తేలిగ్గా పోతుందన్నది చాలావరకు దాన్ని తయారుచేసినచోట, దానికి నిబంధనలు రాసినచోట, దాని ముక్కలు కొనేచోట తేలిపోయింది. బండి ఆగిన వీధి వంతు వచ్చేది ఆ తర్వాతే.

ఫోర్డ్ కంపెనీ ఫ్యాక్టరీలోనే తొట్టి బిగించి అమ్మిన మొదటి పికప్ 1925లో వచ్చింది. ధర 281 డాలర్లు. మోడల్ టీ రనబౌట్ కారుకి వెనక భాగం తీసేసి అక్కడ ఇనప తొట్టి కూర్చోబెట్టారు, అంతే. పైన గుడ్డ కప్పు, పక్కల అద్దాలు లేవు, తాళం వేసి ప్రయోజనం ఉండే తలుపు లేదు. ఇంజను స్విచ్‌కి తాళంచెవి ఉండేది గానీ, లక్షల బండ్లకి కలిపి రెండు డజన్ల రకాల చెవులే తిరిగేవి. ఒకడి చెవి మరొకడి బండికి పట్టడం వింతేమీ కాదు. కొన్నవాళ్లలో ఎక్కువమంది పల్లెల్లో ఒకరినొకరు ఎరిగిన రైతులు కాబట్టి అది చెల్లిపోయింది. నగరాల్లో మాత్రం అప్పటికే కార్ల దొంగతనం వ్యాపారంగా ఎదిగింది. సెయింట్ లూయీ ప్రతినిధి లియోనిడాస్ డయర్ పేరుమీద 1919లో వచ్చిన చట్టం, దొంగబండిని రాష్ట్ర సరిహద్దు దాటిస్తే కేంద్ర నేరమంటూ అయిదేళ్ల దాకా జైలు పెట్టింది. అంటే ప్రభుత్వానికి తోచిన మొదటి జవాబు శిక్ష. బండి తయారీ ఎలా ఉండాలో కంపెనీలకి చెప్పే అధికారం ఆనాడు కేంద్రంలో ఎవరికీ లేదు. అది చేతికి రావడానికి 1966 దాకా పట్టింది.

ఆ అధికారంతో రాసిన 114వ నంబరు ప్రమాణం 1970 జనవరి 1 నుంచి కొత్త కార్లకి వర్తించింది. తాళంచెవి తీస్తే ఇంజను ఆగడమే కాక స్టీరింగైనా బిగుసుకోవాలి, లేదా బండి ముందుకు కదలకుండానైనా ఉండాలి. యజమాని సొత్తు కాపాడడం దాని ఉద్దేశం కాదు. దొంగిలించిన కార్లు ప్రమాదాలు ఎక్కువగా చేస్తున్నాయన్నది అధికారులు చెప్పిన కారణం. దొంగ నడిపే ట్రక్కు ఢీకొడితే దెబ్బ తగలదని ఎవరూ అనలేదు. అయినా పికప్‌ని ఆ గీత బయటే ఉంచారు. 10,000 పౌండ్లలోపు ట్రక్కులకి అదే నియమం చేరింది 1983 సెప్టెంబరు 1న. మధ్యలో పదమూడేళ్లు దాటాయి. ఫోర్డ్ ఎఫ్-సిరీస్‌లో 1979 మోడల్ దాకా తాళం డ్యాష్‌బోర్డు మీదే, స్టీరింగుతో సంబంధం లేకుండా ఉండేది. ఆ ఎఫ్-సిరీసే 1977 నుంచి అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడయ్యే ట్రక్కు. రైతు బండి పట్నమొచ్చి మేస్త్రీ బండి అయింది, నిబంధన మాత్రం పొలంలోనే ఉండిపోయింది. పికప్‌ మీద ఈ సవతి చూపు తర్వాత కూడా పోలేదు.

నియమం ఎవరికి వర్తిస్తే ఫలితం ఎలా ఉంటుందో రెండు యూరప్ దేశాలు అనుకోకుండా పరీక్ష పెట్టినట్టు చూపించాయి. పశ్చిమ జర్మనీ 1961లో కొత్త కార్లకీ, 1963 నాటికి రోడ్డు మీదున్న పాత కార్లన్నిటికీ స్టీరింగ్ లాక్ తప్పనిసరి చేసింది. కార్ల దొంగతనం గట్టిగా పడిపోయి, ఏళ్లతరబడి మళ్లీ లేవలేదు. బ్రిటన్ 1971లో కొత్త కార్లకి మాత్రమే చాలనుకుంది. లండన్ పోలీసు పరిధిలో 1969, 1973 లెక్కలు పోల్చినవాళ్లకి కనిపించింది ఇది: పోయిన బండ్లలో కొత్తవాటి వాటా సుమారు అయిదో వంతు నుంచి ఇరవయ్యో వంతుకి దిగింది, ఆ భారం పాత కార్ల మీదికి జరిగింది. కొత్త కారు కొనగలిగినవాడు నిశ్చింతగా పడుకున్నాడు, కొనలేనివాడి బండికి గిరాకీ పెరిగింది. తాళం ఒకటే, అది అందరికీ ఉందా కొందరికే ఉందా అన్నదగ్గరే తేడా అంతా.

1986లో ఒకే ఏడాది అమెరికా బజారులోకి వచ్చిన రెండు సరుకుల్లోనూ ఈ తేడా చూడొచ్చు. పెన్సిల్వేనియాలోని షారన్ ఊరినుంచి వచ్చిన ‘ది క్లబ్’ స్టీరింగుకి అడ్డంగా బిగించే కడ్డీ. దూరంనుంచే కనపడేలా చేశారు, దాని బలమంతా అదే. కడ్డీ ఎంత గట్టిదైనా, దాన్ని పట్టుకున్న స్టీరింగు చక్రం రంపానికి నిలవదు. తీరికలేని దొంగ మాత్రం దాన్ని చూసి పక్క బండి దగ్గరికి వెళతాడు. మసాచుసెట్స్‌లో మొదలైన లోజాక్ దారి వేరు. చిన్న రేడియో పరికరాన్ని బండిలో ఎక్కడో దాచేవారు, బండి పోయాక పోలీసులు ఆ సంకేతం పట్టుకుని వెళ్లేవారు. ఏ బండిలో ఉందో దొంగకి తెలియదు కాబట్టి ఊళ్లో ప్రతి బండీ అనుమానమే. పరిశోధకులు ఇయన్ ఆయర్స్, స్టీవెన్ లెవిట్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో లోజాక్ ఉన్న నగరాల్లో దొంగతనాలు బాగా తగ్గాయనీ, ఆ మేలులో పరికరం కొన్నవాడికి దక్కేది పదో వంతుకన్నా తక్కువనీ లెక్క తేలింది. మిగతాదంతా పైసా ఖర్చుపెట్టని ఇరుగుపొరుగుకే. అందుకే కొనేవాళ్లు తక్కువ. క్లబ్ లాభమంతా కొన్నవాడిది, నష్టం పొరుగువాడిది. అది విరగబడి అమ్ముడుపోయింది. ఇందులో కొన్నవాణ్ణి తప్పుపట్టేదేమీ లేదు. ‘నీ బండి నువ్వే చూసుకో’ అని చెప్పినప్పుడు ఎవరైనా ఏ సరుకు కొంటారు?

ఇక్కడ మొదటి అభ్యంతరం: ఎన్ని చెప్పినా దొంగతనాలు కొన్ని పేటల్లోనే ఎక్కువ, అది కళ్లముందున్న సంగతి. నిజమే, పోలీసు లెక్కలూ అదే చెబుతాయి. కానీ పేట గుణమే అసలు కారణమైతే, పేట మారకుండా దొంగతనాల సంఖ్య మారకూడదు. అమెరికాలో 1991లో సుమారు 16.6 లక్షల వాహనాలు పోయాయి. 2014లో 7 లక్షలలోపే. ఆ మధ్య కాలంలో బీద పేటలు మాయమవలేదు. తాళంచెవిలో చిప్పు లేకపోతే ఇంజను కదలనివ్వని ఇమ్మొబిలైజరు వచ్చింది. అమెరికాలో ఫోర్డ్ 1996లో కొన్ని కార్లతో మొదలుపెట్టింది. యూరప్ 1998లో, కెనడా 2007 సెప్టెంబరులో దాన్ని తప్పనిసరి చేశాయి. అమెరికా చెయ్యలేదు, కంపెనీల ఇష్టానికి వదిలేసింది. ఫలితం మిల్వాకీ నగరం చూసింది. 2015 మోడల్ హ్యూందాయ్, కియా రకాల్లో ఇమ్మొబిలైజరుతోనే వచ్చినవి 26 శాతం. మిగతా కంపెనీలవి 96 శాతం. ఆ లొసుగు కుర్రాళ్ల చేతికి చిక్కాక 2021లో మిల్వాకీలో పోయిన వాహనాల్లో మూడింట రెండు వంతులు ఆ రెండు పేర్లవే. అవే వీధులు, అవే దీపాలు. పక్కనే ఆగిన వేరే కంపెనీ కారు పొద్దున్న అక్కడే ఉంది. పేటని తిట్టడానికి తరచూ వాడుకునే ప్రయోగం కూడా దగ్గరికెళ్లి చూస్తే మరోలా ఉంటుంది. 1969లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ జింబార్డో న్యూయార్కు బ్రాంక్స్‌లో నంబరు ప్లేట్లు తీసేసి వదిలిన పాత ఓల్డ్స్‌మొబిల్ మీద పది నిమిషాల్లో మొదటి చెయ్యి పడింది. వచ్చినది ముఠా కాదు: తండ్రి, తల్లి, వాళ్ల చిన్న కొడుకు. బ్యాటరీ, రేడియేటరు పట్టుకుపోయారు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. అన్ని బండ్లకీ తాళం పడితే దొంగ ఊరుకుంటాడా, వేరే దొంగతనానికి పోడా? కొందరు పోతారు. అందరూ పోరని చెప్పడానికి మళ్లీ జర్మనీయే సాక్ష్యం. 1980లో అక్కడ హెల్మెట్ లేకుండా మోటారు సైకిలు నడిపితే అక్కడికక్కడే జరిమానా పెట్టారు. దొంగిలించాలని ముందే అనుకోనివాడి చేతిలో హెల్మెట్ ఉండదు, అది లేకుండా ఎక్కితే పోలీసు ఆపుతాడు. ఏడాదికి లక్షన్నర దాటిన మోటారు సైకిలు దొంగతనాలు 1986 నాటికి సుమారు 54 వేలకి వచ్చాయి. అదే మోతాదులో కార్ల దొంగతనం పెరగలేదు. చాలా దొంగతనాలు చేతికందడంవల్ల జరిగేవి. అందకపోతే అవి మరోచోటికి వెళ్లవు, జరగకుండానే పోతాయి. ఆ హెల్మెట్ నియమం ఎవరూ దొంగతనం గురించి ఆలోచించి పెట్టింది కాదు, తలకాయల కోసం పెట్టింది.

అయితే పికప్ బాధ బండి మొత్తం పోవడంతో ఆగదు. దానికి విప్పుకుపోదగిన భాగాలు ఎక్కువ. తొట్టి వెనక డోరునే తీసుకోండి. సరుకు ఎక్కించుకోడానికి వీలుగా, సగం దించి ఒక కోణంలో పైకి లాగితే మడతబందు నుంచి ఊడొచ్చేలా చేశారు. పనివాడికి అది సౌకర్యం, దొంగకీ అంతే. 2018 మే నుంచి కొత్త బండ్లకి వెనక కెమెరా తప్పనిసరి అయింది, పికప్‌లో ఆ కెమెరా సాధారణంగా కూర్చునేది ఆ డోరులోనే. రేకు ముక్క వేల డాలర్ల వస్తువైంది. దొంగ సరుకు అమ్మకుండా కారు భాగాల మీద గుర్తింపు సంఖ్య వెయ్యాలన్న చట్టం 1984లో వచ్చింది, మొదట కార్లకే. 1992 చట్టం దాన్ని చిన్న ట్రక్కులకి కూడా చాపింది గానీ, 6,000 పౌండ్ల బరువు రేటింగు దగ్గర గీత గీశారు. వెనక డోర్లు ఎక్కువగా పోయే పెద్ద పికప్‌లు, ఫోర్డ్ ఎఫ్-250 లాంటివి, ఆ గీతకి ఎంతో పైన ఉంటాయి.

సైలెన్సరు గొట్టంలో ఉండే కేటలిటిక్ కన్వర్టరు సంగతి మరీ స్పష్టం. పికప్ నేలకి ఎత్తుగా ఉంటుంది కనుక జాకీ కూడా అక్కర్లేదు, బ్యాటరీ రంపంతో కొన్ని నిమిషాల పని. ఆ ఎత్తు 2018లోనూ ఉంది, రంపాలూ ఉన్నాయి. ఆ ఏడాది బీమా కంపెనీలకి చేరిన క్లెయిములు 1,300 దరిదాపు; 2020లో 14 వేలు దాటాయి. మధ్యలో మారినది కన్వర్టరులో ఉండే రోడియం లోహం ధర. 2021 వసంతంలో అది ఔన్సు 29 వేల డాలర్ల దాకా వెళ్లింది. 2022 నవంబరులో కేంద్ర న్యాయశాఖ బయటపెట్టిన కేసులో కాలిఫోర్నియాలో కోసిన కన్వర్టర్లు న్యూజెర్సీలో కొనుగోలుదారు దగ్గరికి చేరుతున్నాయి, చేతులు మారిన సొమ్ము కోట్ల డాలర్లలో ఉంది. బండి కిందికి దూరినవాడికి అందులో దక్కింది చిల్లర. చీకటి వీధిలో దీపం పెట్టించమని యజమానికి చెబుతున్న రోజుల్లో అసలు గిరాకీ ఖండం అవతలి కొసన, పట్టపగలు నడుస్తోంది.

ఇమ్మొబిలైజరు కూడా శాశ్వతం కాదన్నది ఒప్పుకోవాల్సిన మాటే. దాన్ని తప్పనిసరి చేసిన కెనడాలోనే ఈమధ్య ఎలక్ట్రానిక్ పరికరాలతో తాళం దాటి, పికప్‌లనీ ఎస్‌యూవీలనీ కంటెయినర్లలో పెట్టి మాంట్రియల్ ఓడరేవునుంచి విదేశాలకి పంపేశారు. 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం దీనిమీద జాతీయ సదస్సు పెట్టాల్సి వచ్చింది. కానీ అందుకు పరికరాలు, కొనేవాళ్లు, ఓడలో చోటు కావాలి. మిల్వాకీలోలా స్క్రూడ్రైవరూ యూఎస్‌బీ తీగా చాలే దొంగతనంతో దాన్ని ఒకే గాటన కట్టలేం. సరదాకి ఎత్తుకెళ్లే కుర్రాడు ఆటలోంచి తప్పుకున్నాడు, మిగిలినవాళ్లని ఓడరేవు దగ్గర పట్టుకోవచ్చు.

ఈలోగా పేటలో ఉన్న ప్లంబరు చట్టం మారేదాకా కూర్చోలేడు. గోడకి వెనక డోరు ఆనేలా రివర్సులో ఆపుకుంటే దాన్ని దించడానికి చోటుండదు. పనిముట్లు రాత్రికి ఇంట్లోకి దించుకోవాలి. ఇంజనుకి పెట్రోలు అందించే పంపుకి వెళ్లే కరెంటు ఆపే చిన్న స్విచ్‌ని కనపడనిచోట పెట్టించుకుంటే, కడ్డీలా పక్కింటాయన బండిని చూపించదు. డోరు మీద బండి నంబరు చెక్కించుకోవడానికి ఖర్చు కొద్దిపాటిదే. అయితే సెకండ్‌హ్యాండ్ డోరు కొనే షెడ్డువాడు ఆ నంబరు రాసుకోవాలన్న నియమం లేనిచోట ఆ చెక్కింపు రంగు కింద పోతుంది. కన్వర్టర్లు కొనే పాతసామాను వ్యాపారులు అమ్మినవాడి వివరాలు రాసుకోవాలని అనేక రాష్ట్రాలు గత కొన్నేళ్లలో చట్టాలు చేశాయి. వెనక డోర్లకీ అదే పద్ధతి పెట్టడానికి కొత్త సాంకేతికత ఏమీ అక్కర్లేదు, ఒక రిజిస్టరు చాలు.