డ్రాగోల్యూబ్ యోవనోవిచ్: సరిహద్దు పట్టణపు రైతు నాయకుడు

డ్రాగోల్యూబ్ యోవనోవిచ్ (1895-1977) సెర్బియా దేశానికి చెందిన వ్యవసాయ ఆర్థికవేత్త, న్యాయకళాశాల ఆచార్యుడు, రైతు రాజకీయ నాయకుడు. సహకార సంఘం రైతు సొంత ఇష్టంతో ఏర్పడాలే గాని ప్రభుత్వ ఉత్తరువుతో కాదని యుగోస్లావియా శాసనసభలో నిలబడి చెప్పిన అతి కొద్దిమందిలో ఆయన ఒకరు.

ఆయన జన్మస్థలం పిరోట్. బల్గేరియా సరిహద్దుకు చేరువలో ఉన్న ఈ పట్టణం కంబళ్ళ నేతకు ప్రసిద్ధి. 1878 వరకు తురుష్క సామ్రాజ్యంలో ఉండి, అటుపై సెర్బియాకు దక్కింది. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ బల్గేరియా సేనలు దీనిని ఆక్రమించాయి. 1919 నాటి సంధితో సరిహద్దు రేఖ తూర్పుకు జరిగి, పొరుగున ఉన్న త్సారిబ్రోద్ పట్టణం బల్గేరియా నుండి ఈవలి రాజ్యంలోకి వచ్చింది. ఊరు కదలకుండానే దేశం మారడమంటే ఇదే. పిరోట్ ప్రజల మాట సెర్బియా భాషలోనిదే అయినా, విభక్తి ప్రత్యయాలు చాలావరకు పోయి బల్గేరియా భాషకు దగ్గరగా వినిపిస్తుంది. రాజధానివారికి అది కొంత మోటుగా తోచడం సహజం. మన సరిహద్దు గ్రామాల పాఠకులకు ఈ సంగతి వివరించనక్కరలేదు.

యోవనోవిచ్ ఫ్రాన్సులో ఉన్నత విద్య అభ్యసించి, 1923లో పారిస్‌లో డాక్టరేటు పొందారు. బెల్‌గ్రేడ్ న్యాయకళాశాలలో వ్యవసాయ విధానాన్ని బోధించారు. మొదటి ప్రపంచ యుద్ధం సెర్బియా ఆర్థిక, సామాజిక జీవనంపై చూపిన ప్రభావాన్ని గురించి ఆయన ఫ్రెంచి భాషలో రచించిన గ్రంథం 1930లో వెలువడింది.

ఆనాటి రైతు పరిస్థితి తెలిస్తేగాని ఆయన రాజకీయం బోధపడదు. 1873లో సెర్బియా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఐదు రోజుల అరక దున్నేంత భూమిని, అనగా సుమారు 7 ఎకరాలను, దానితోపాటు రైతు ఇంటిని, కాడి ఎడ్లను అప్పు కింద ఎవరూ జప్తు చేయరాదన్నది దాని సారాంశం. ఉద్దేశం మంచిదే. అయితే తాకట్టుకు పనికిరాని భూమిపై బ్యాంకు అప్పు ఇవ్వదు గదా! విత్తనానికో, పెండ్లికో సొమ్ము కావలసిన చిన్న రైతు ఊళ్ళోని వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసి వచ్చింది. కాపాడవలసిన చట్టమే ఆ విధంగా అతనిని మరొక ఉచ్చులోకి నెట్టింది. దీనికి విరుగుడుగా 1894లో స్మెదెరెవో సమీపాన వ్రానోవో గ్రామంలో మిహాయిలో అవ్రామోవిచ్ తొలి పరపతి సహకార సంఘాన్ని నెలకొల్పారు. సహకారోద్యమం నుండే 1919లో వ్యవసాయదారుల పార్టీ పుట్టింది. 1930 దశకపు మాంద్యంలో ధాన్యం ధరలు పడిపోగా, 1932లో ప్రభుత్వం రైతు రుణాల వసూలుపై మారటోరియం విధించవలసి వచ్చింది.

యోవనోవిచ్ ఆ పార్టీలో వామపక్ష వర్గానికి నాయకులయ్యారు. రాజు నిరంకుశ పాలనను వ్యతిరేకించినందుకు 1932లో జైలుపాలై, ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ప్రజా రైతు పార్టీని స్థాపించారు. సరిహద్దుకు ఆవల బల్గేరియాలో రైతు పార్టీ నాయకుడు స్తాంబొలీస్కీ 1919 నుండి ప్రభుత్వాన్ని నడిపి, 1923 కుట్రలో హతులయ్యారు. ఇరు దేశాల రైతుల ప్రయోజనాలు ఒక్కటేనన్న భావన పిరోట్ బిడ్డకు పుస్తకాలనుండి నేర్చుకోవలసినది కాదు.

యుద్ధానంతరం ఆయన కమ్యూనిస్టుల నాయకత్వంలోని ప్రజా కూటమిలో చేరి, శాసనసభ్యులై, తిరిగి ఆచార్య పదవిని చేపట్టారు. కమ్యూనిస్టులతో కలిసి నడిస్తే గ్రామానికి మేలు జరుగుతుందని ఆయన నమ్మి ఉండవచ్చు. ఆ నమ్మకం ఏడాదైనా నిలువలేదు. అప్పటికే రైతుల నుండి లెవీ ధాన్యాన్ని నిర్బంధంగా సేకరించడం సాగుతోంది. 1946లో సహకార సంఘాల చట్టం చర్చకు రాగా, సంఘాలపై ప్రభుత్వ పెత్తనాన్ని ఆయన సభలో బహిరంగంగా విమర్శించారు. ఆ ఏడాదే శాసనసభ్యత్వం, ఆచార్య పదవి రెండూ పోయాయి. 1947 మే నెలలో నిర్బంధించి, విదేశీ గూఢచారులతో సంబంధాలున్నాయన్న అభియోగంపై విచారించి, తొమ్మిదేళ్ళ కఠిన శిక్ష విధించారు. అదే సంవత్సరం సెప్టెంబరులో సోఫియాలో బల్గేరియా రైతు నాయకుడు నికోలా పెట్కోవ్‌ను ఉరితీశారు. ఇక్కడ ప్రాణమైనా మిగిలింది.

ఆయన జైలులో ఉండగా బయట జరిగినది గమనింపదగినది. 1949 జనవరిలో ప్రభుత్వం ఉమ్మడి సేద్యాన్ని ముమ్మరం చేసింది. రెండేళ్ళలోనే రైతు శ్రామిక సహకార సంఘాల సంఖ్య దాదాపు 7,000కు చేరింది. భూమిని, ఎడ్లను సంఘానికి అప్పగించిన రైతుకు పనిపై మనసు లేకపోయింది. 1950 మే నెలలో బోస్నియాలోని సాజిన్ ప్రాంతంలో రైతులు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును ప్రభుత్వం కఠినంగా అణచివేసింది. తుదకు 1953 మార్చిలో, సంఘాల నుండి రైతులు తమ భూములతో బయటకు పోవచ్చునని ప్రభుత్వమే ఉత్తరువు జారీ చేసింది. సంఘాలు చాలావరకు కరిగిపోయాయి. మే నెలలో వ్యక్తిగత కమతానికి 10 హెక్టార్ల, అనగా సుమారు 25 ఎకరాల, పరిమితి విధించారు. యుగోస్లావియాలో ఆ తరువాత దశాబ్దాలపాటు సాగుభూమిలో అధిక భాగం చిన్న రైతుల చేతిలోనే ఉండిపోయింది. సంఘాలను రద్దుచేసిన ఉత్తరువు వెలువడిన నాటికి యోవనోవిచ్ ఇంకా ఖైదీయే.

1950 దశకపు నడుమ విడుదలైన పిదప ఆయనకు రాజకీయాలలో చోటు లేకపోయింది. తనకు తెలిసిన గతించిన సమకాలికుల గురించి వ్రాసిన వ్యక్తిచిత్రాలు 1973లో, 1975లో రెండు సంపుటాలుగా వచ్చాయి. రాజకీయ జ్ఞాపకాలు మాత్రం 1977లో ఆయన మరణించిన చాలా ఏండ్లకు గాని అచ్చుకు నోచుకోలేదు.